రాసిన రూలు, రాయని ఆచారం

ఒడిశాలోని బరంపురం తెలుగిళ్లలో స్వలింగ ప్రేమ మాట ఎత్తితే ‘మన మతం అన్నిటినీ ఒప్పుకుంటుంది, చర్చిదే పట్టుదల’ అంటారు. అది సగమే నిజం.

కేథలిక్ చర్చిలో రూలు రాసి ఉంటుంది. స్వలింగ సంభోగం పాపం. ఆ మొగ్గు ఉన్నవాళ్లను మాత్రం గౌరవంగా చూడాలి. 2023 డిసెంబరులో వాటికన్ స్వలింగ జంటలను ఫాదర్లు ఆశీర్వదించవచ్చంది, పెళ్లి తంతులా కనబడకూడదని షరతు పెట్టింది.

హిందువులకు అలా తేల్చి చెప్పే పీఠం ఒక్కటంటూ లేదు. అర్ధనారీశ్వరుడికి పూజ చేస్తాం. మగవాళ్ల మధ్య సంభోగానికి మనుస్మృతి ఒకచోట ద్విజుడికి చెప్పిన ప్రాయశ్చిత్తం కట్టుబట్టలతో స్నానమే! రెండేళ్లకోసారి మా ఊరి అమ్మవారి జాతర ఠాకురాణి యాత్రలో మొక్కుకున్నవాళ్లు వేషాలు కడతారు. చీర కట్టిన మగవాడికీ దండం పెడతారు. అదే కుర్రాడు ఇంట్లో ‘నాకు పెళ్లికూతుర్ని చూడొద్దు’ అంటే అమ్మకు టెన్షన్, నాన్న మాట్లాడడు, మేనమామ కూతురితో ముహూర్తం పెట్టేస్తారు.

నాకైతే చర్చి రూలే నయం. ఎదురుగా ఉంది కాబట్టి వాదించవచ్చు. ‘నలుగురూ ఏమనుకుంటారు’తో ఎవరు వాదిస్తారు?

ఇక చట్టం. పెద్దల ఇష్టపూర్వక సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. స్వలింగ వివాహానికి గుర్తింపు ఇవ్వడానికి 2023లో ఒప్పుకోలేదు.