వాణిజ్య స్థిరాస్తి రుణాల చట్టం: దూరవిద్య డిప్లొమాపై ఒక డెల్టా న్యాయవాది సమీక్ష

వాణిజ్య స్థిరాస్తి మీద ఇచ్చే రుణాల చట్టాన్ని బోధించే ఒక దూరవిద్య డిప్లొమాను నేను కొన్నేళ్ల క్రితం పూర్తి చేశాను. భీమవరం, తణుకు ప్రాంతాల బ్యాంకు శాఖలకు లీగల్ ఒపీనియన్లు రాసే పనిలో ఆ పాఠాలను ఇప్పటికీ తిరగేస్తూనే ఉన్నాను. సంస్థ పేరు ఇక్కడ అవసరం లేదు. ఆ చదువు మన ప్రాంతపు కాగితాల ముందు ఎంతవరకు నిలిచిందన్నదే నేను చెప్పదలచుకున్నది.

అన్నిటికన్నా గట్టి భాగం తాకట్టు గురించిన పాఠాలు. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టంలోని 58వ సెక్షన్‌ను అక్షరం వదలకుండా చదివించారు. రుణం వంద రూపాయలు గానీ అంతకు మించి గానీ ఉంటే తాకట్టు దస్తావేజు రిజిస్టరు కావాలని, కనీసం ఇద్దరు సాక్షులు ఉండాలని 59వ సెక్షన్ చెబుతుంది. హక్కు పత్రాలను డిపాజిట్ చేసే తాకట్టుకు మాత్రం ఈ నియమం వర్తించదు. అయితే ఆ డిపాజిట్ కలకత్తా, మద్రాసు, బొంబాయి నగరాల్లో గానీ, రాష్ట్ర ప్రభుత్వం నోటిఫై చేసిన పట్టణంలో గానీ జరగాలి. ఆస్తి ఎక్కడున్నా అభ్యంతరం లేదు కనుక, కోనసీమలో ఏ మారుమూల గ్రామంలోనో ఉన్న కొబ్బరి పీచు ఫ్యాక్టరీ కాగితాలను నోటిఫై అయిన పట్టణంలోని శాఖలో అప్పగించినా తాకట్టు చెల్లుతుంది. ఆ డిపాజిట్‌కు సంబంధించి ఏ పత్రమూ రిజిస్టరు కాకపోతే అది ఈసీలో, అంటే ఆస్తిపై రిజిస్టరైన లావాదేవీలను చూపే ధ్రువపత్రంలో, కనబడదు. తాకట్టులను నమోదు చేసే కేంద్ర రిజిస్ట్రీగా 2011లో మొదలైన సెర్సాయ్‌ను వెతకడం ఎందుకు తప్పనిసరో ఈ పాఠం చక్కగా బోధపరచింది. 2020 జనవరి 24న అమల్లోకి వచ్చిన సవరణల తరువాత, అక్కడ నమోదు కాని తాకట్టుపై బ్యాంకు సర్ఫేసీ చట్టం (కోర్టుకు వెళ్లకుండానే తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకుని అమ్మనిచ్చే చట్టం) కింద చర్య తీసుకోలేదు.

2002 నాటి ఆ సర్ఫేసీ చట్టం మీద పాఠాలు సరిపడా ఉన్నాయి. అరవై రోజుల డిమాండ్ నోటీసు, రుణగ్రహీత అభ్యంతరాలకు పదిహేను రోజుల్లో జవాబు, రుణ వసూలు ట్రిబ్యునల్‌కు వెళ్లడానికి నలభై అయిదు రోజుల గడువు, అన్నీ తీర్పులతో సహా వివరించారు. అప్పు మొత్తం కట్టి ఆస్తిని విడిపించుకునే హక్కు వేలం ప్రకటన వెలువడడంతోనే ముగుస్తుందని 2023లో సుప్రీంకోర్టు సెలిర్ కేసులో చెప్పిన విషయాన్ని నేను విడిగా చదువుకోవలసి వచ్చింది.

నాకు నిజంగా అసంతృప్తి మిగిల్చినది వ్యవసాయ భూమి విషయం. సర్ఫేసీ చట్టం 31వ సెక్షన్‌లోని (ఐ) క్లాజు ప్రకారం వ్యవసాయ భూమిపై తాకట్టుకు ఆ చట్టం వర్తించదు. గోదావరి డెల్టాలో వాణిజ్య రుణం అంటే ఎక్కువగా చేల మధ్య లేచిన రైస్ మిల్లు, రొయ్యల చెరువు గట్టున కట్టిన ఐస్ ఫ్యాక్టరీ, కాలువ ఒడ్డున ఫంక్షన్ హాలు. మన వివాదాలన్నిటికీ మూలమైన ఈ క్లాజుకు కోర్సులో అర పేజీ మించి చోటు దక్కలేదు. నా బల్ల మీదికి తరచుగా వచ్చే కట్ట ఎలా ఉంటుందంటే, తాతగారి కొనుగోలు దస్తావేజు, దాని కింద రిజిస్టరు కాని పారీఖత్తు (కుటుంబ ఆస్తి పంపకపు కాగితం), భూ యజమానుల రికార్డైన 1-బిలో తండ్రిగారి పేరు, సాగు రికార్డైన అడంగల్‌లో ఇంకా వరి పంట. ఆ సర్వే నంబరులో మాత్రం బాయిలర్ గొట్టం, ధాన్యం ఆరబోసే కళ్లం, పరిశ్రమ కేటగిరీలో కరెంటు బిల్లు. రెవెన్యూ రికార్డులో భూమిని వ్యవసాయ భూమిగా రాయడం ఒక్కటే చాలదని, తాకట్టు నాటికి భూమి స్వభావం, వాడకం చూడాలని 2018లో పాప్పిరెడ్డియార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది వ్యవసాయ భూమి అని నిరూపించుకునే భారం రుణగ్రహీతదేనని 2023లో కె. శ్రీధర్ కేసు తేల్చింది. ఈ రెండు తీర్పులను పక్కపక్కన పెట్టి చదివితే, రుణం ఇచ్చే రోజునే భూవినియోగ మార్పు ఉత్తర్వు, కరెంటు బిల్లు, పంచాయతీ పన్ను రసీదు, తేదీ వేసిన ఫొటోలు ఫైలులో ఎందుకు చేర్చాలో అర్థమవుతుంది. చేపల, రొయ్యల చెరువులనే ఏ కోవలో చేర్చాలన్న ప్రశ్నను పాఠాలు తాకనైనా తాకలేదు. ఆక్వా మీద బతికే జిల్లాల విద్యార్థికి ఇది పెద్ద లోటు.

ఆ పారీఖత్తు గురించి కూడా ఒక మాట చెప్పాలి. హిందూ వారసత్వ చట్టానికి చేసిన ఆంధ్రప్రదేశ్ సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అవివాహిత కుమార్తెలకు, కేంద్ర సవరణ 2005 నుంచి కుమార్తెలందరికీ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో హక్కు ఇచ్చాయి. ఆడపిల్లల సంతకాలు లేని పంపకం మీద కోట్ల రుణం నిలబెట్టడం ఎంత ప్రమాదమో కోర్సు చెప్పదు.

రిజర్వు బ్యాంకు 2009 మార్గదర్శకాల పాఠం చిన్నదే అయినా విలువైనది. అద్దెలతో తీరే షాపింగ్ కాంప్లెక్స్ రుణం వాణిజ్య స్థిరాస్తి రుణం అవుతుంది. వ్యాపార రాబడితో తీరే హోటల్, ఆసుపత్రి రుణాలు సాధారణంగా ఆ కోవలోకి రావు. మండపేట మిల్లు రుణాన్ని కూడా నేను ఈ గీటురాయితోనే చూస్తాను.

దస్తావేజుల పరిశీలనలో కొంత అనుభవం వచ్చిన జూనియర్ న్యాయవాదులకు ఈ డిప్లొమాను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. బ్యాంకు అధికారులకు సర్ఫేసీ భాగం ఒక్కటే చాలు. బిల్డర్లు మాత్రం దీని కోసం ఫీజు కట్టనక్కరలేదు: అమ్మకపు ఒప్పందం చేశాక ఆ ఫ్లాటును తాకట్టు పెట్టరాదన్న 2016 రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం 11వ సెక్షన్ నియమం వారికి అన్నిటికన్నా ముఖ్యం, దానిని చట్టం ప్రతిలోనే నేరుగా చదువుకోవచ్చు.