అప్పిచ్చే నాలుగు బ్యాంకులు: బరంపురం నుంచి ఒక రివ్యూ

గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ వైపు అంతర్జాతీయ బ్యాంకుల సొమ్ముతో నడిచిన పనులు తక్కువేం కాదు. బరంపురం నుంచి తప్తపాణి వెళ్లే రోడ్డు, వరల్డ్ బ్యాంకు 2008లో 25 కోట్ల డాలర్లు మంజూరు చేసిన ఒడిశా స్టేట్ రోడ్స్ ప్రాజెక్టులోది. 2013 అక్టోబరు 12న గోపాలపూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ తుఫాను తరవాత గంజాం తీరంలో కట్టిన పక్కా ఇళ్ల వెనకా ఆ బ్యాంకే ఉంది. అయినా మనవాళ్లకు వరల్డ్ బ్యాంకు, ఏడీబీ (ఏషియన్ డెవలప్‌మెంట్ బ్యాంకు), ఏఐఐబీ (ఏషియన్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకు), ఎన్డీబీ (బ్రిక్స్ దేశాలు పెట్టిన న్యూ డెవలప్‌మెంట్ బ్యాంకు) అన్నీ ఒకటే. బోర్డు మీద పేరు చూసి "ఫారిన్ డబ్బు" అని ఊరుకుంటారు. అప్పు షరతులు, బిల్లుల దారి, కాగితాలు బయటపెట్టే పద్ధతి, ఫిర్యాదు వినే తీరు చూస్తే వీటి మధ్య తేడా బాగానే ఉంది. చిన్న కాంట్రాక్టరుకైనా, వార్డు మెంబరుకైనా, మత్స్యకార సంఘానికైనా అక్కరకొచ్చేది ఆ తేడానే.

ముందు ధర. మన దేశానికి వరల్డ్ బ్యాంకు ఇప్పుడు ఇచ్చేది పేద దేశాలకిచ్చే చౌక ఐడీఏ అప్పు కాదు. 2014తో ఆ అర్హత ముగిసింది. ఫైలిన్ ఇళ్ల ప్రాజెక్టుకు వచ్చిన 15.3 కోట్ల డాలర్లు ఆ చౌక అప్పే. ఇప్పుడంతా ఐబీఆర్‌డీ అప్పే, అంటే మార్కెట్ రేటుకు దగ్గరగా ఇచ్చే మామూలు అప్పు. సోఫర్ అనే డాలరు వడ్డీ రేటు మీద బ్యాంకు కొంత మార్జిన్ వేసుకుంటుంది. అప్పు మొదలయ్యేటప్పుడు మొత్తం మీద 0.25 శాతం ఒక్కసారి ఫీజు, తరవాత వాడకుండా మిగిలిన సొమ్ము మీద ఏటా 0.25 శాతం కమిట్‌మెంట్ ఛార్జీ ఉంటాయి. ఈ ఛార్జీకి 2024లో ప్రకటించిన మార్పుతో మొదట్లో కొంత గడువు ఇస్తున్నారు. ఏడీబీ మొదటి ఫీజు తీసుకోదు, కమిట్‌మెంట్ ఛార్జీ కూడా 0.15 శాతమే. ఆ గడువు లేనప్పుడు 10 కోట్ల డాలర్ల అప్పులో 8 కోట్లు ఏడాదిపాటు కదలకుండా పడి ఉంటే వరల్డ్ బ్యాంకుకు 2 లక్షల డాలర్లు, ఏడీబీకి 1.2 లక్షలు ఊరికే పోతాయి. భూసేకరణ తేలక, కరెంటు స్తంభాలు జరపక, చెట్లు కొట్టడానికి అటవీ అనుమతి రాక రోడ్డు పని ఆగిందంటే ఈ మీటరు తిరుగుతూనే ఉంటుంది.

పైగా ఒడిశా లాంటి సాధారణ రాష్ట్రాలకు 2005 నుంచి కేంద్రం ఈ అప్పుల్ని "బ్యాక్ టు బ్యాక్" పద్ధతిలో అదే కరెన్సీలో, అవే షరతులతో దాటిస్తోంది. రూపాయి పడితే ఆ దెబ్బ రాష్ట్రానిదే. 2014లో డాలరు 60 రూపాయల చుట్టుపక్కల ఉండేది, 2025లో 85 దాటింది. వడ్డీ తక్కువని మురిసేవాళ్లు ఈ లెక్క కూడా పక్కన రాసుకోవాలి. ధర విషయంలో ఏడీబీకే నా ఓటు, పెద్ద తేడాతో మాత్రం కాదు.

ఇక బిల్లుల సంగతి. కాంట్రాక్టర్లు బోల్తాపడేది ఇక్కడే. "వరల్డ్ బ్యాంకు పని కదా, డబ్బు రెడీగా ఉంటుంది" అనుకుని మార్జిన్ తగ్గించి టెండరు వేస్తారు. డబ్బు నడిచే దారి వేరు. మామూలుగా రాష్ట్రం తన బడ్జెట్ లోంచి ముందు ఖర్చు పెడుతుంది. ఆ ఖర్చు లెక్కలు ఢిల్లీలో ఆర్థికశాఖ కిందుండే ఎయిడ్ అకౌంట్స్ అండ్ ఆడిట్ విభాగానికి వెళ్తాయి. అక్కడి నుంచి క్లెయిము బ్యాంకుకు, డాలర్లు బ్యాంకు నుంచి కేంద్రానికి, కేంద్రం నుంచి రాష్ట్రానికి. కాబట్టి మీ రన్నింగ్ బిల్లు ఆగిందంటే ఆగింది ఆ బ్యాంకుల హెడ్డాఫీసులున్న వాషింగ్టన్‌లోనో మనీలాలోనో కాదు, మన డివిజన్ ఆఫీసులోనో ట్రెజరీలోనో. దేవుడు వరమిచ్చినా పూజారి కరుణించాలి. రాష్ట్రం వాటా ఆ ఏడాది బడ్జెట్‌లో పెట్టకపోతే బ్యాంకు సొమ్ము కూడా కదలదు. టెండరు వేసే ముందు బడ్జెట్ పుస్తకంలో ఆ ప్రాజెక్టు పద్దు కింద ఎంత పెట్టారో చూసుకోవడం బుద్ధిమంతుల పని. భూమి పరిహారం సాధారణంగా రాష్ట్రం వాటాలోంచే ఇవ్వాలి, రోడ్డు కంటే ముందు అదే వెనకబడుతుంది.

టెండర్ల తీరులో వరల్డ్ బ్యాంకు మెరుగు. అంతర్జాతీయ టెండరులో ఎవరికి పని ఇవ్వబోతున్నారో ముందే తెలియజేసి 10 పనిదినాలు ఆగాలి. ఎందుకు ఓడిపోయారో వివరం కావాలంటే 3 పనిదినాల్లో రాతపూర్వకంగా అడగాలి. ఆ గడువు దాటాక అడిగినా చెబుతారు గానీ మీకోసం కాంట్రాక్టు ఆపరు. మనవాళ్లు ఉత్తరం రాయడానికే వారం తీసుకుంటారు, అదీ చిక్కు. ఏడీబీ సొంత సొమ్ముతో జరిగే కొనుగోళ్లకు సభ్యదేశాల సరుకు, సభ్యదేశాల సంస్థలు అన్నది దాని ఒప్పంద పత్రంలోని మూల నియమం. యంత్రాలు, పైపులు ఏ దేశంలో తయారయ్యాయో కాగితం పెట్టాల్సి వస్తుంది. ఏఐఐబీకి ఆ గొడవ లేదు, ఏ దేశం సరుకైనా ఫరవాలేదు. ఎన్డీబీ చాలావరకు దేశం సొంత పద్ధతులనే ఒప్పుకుంటుంది. రాష్ట్ర అధికారులకు అది ఇష్టం, పనులు తొందరగా మొదలవుతాయి. పక్కన ఊళ్లోవాళ్లకు మాత్రం అడిగే చోటు తగ్గిపోతుంది.

సభ్యదేశాలు పెరగడం గురించి పేపర్లలో వచ్చే వార్తలు చాలామంది చదివి వదిలేస్తారు. మనకు సంబంధం లేకపోలేదు. ఈ బ్యాంకులు సభ్యులు కట్టిన నగదుతో నడవవు. ఏఐఐబీ అధీకృత మూలధనం 10,000 కోట్ల డాలర్లయితే అందులో కట్టాల్సింది 20 శాతం, మిగతా 80 శాతం "అవసరమొస్తే ఇస్తాం" అన్న హామీ. ఏడీబీలో కట్టింది సుమారు 5 శాతమే. ఆ హామీల బలంతో మంచి క్రెడిట్ రేటింగ్ తెచ్చుకుని మార్కెట్లో బాండ్లు అమ్మి, ఆ సొమ్మే అప్పుగా ఇస్తాయి. ఏఐఐబీ 2019లో వేసిన మొదటి బాండు 250 కోట్ల డాలర్లు. కాబట్టి ఎవరు చేరారన్నది ముఖ్యం. నమ్మకమైన ధనిక దేశం చేరితే బ్యాంకుకు అప్పు చౌకగా దొరుకుతుంది. అప్పు తీసుకోవడానికే చేరే దేశాలు పెరిగితే క్యూ పొడుగవుతుంది.

ఏఐఐబీ 2016 జనవరిలో 57 మంది వ్యవస్థాపక సభ్యులతో మొదలై 2024 నాటికి 110 ఆమోదిత సభ్యుల దాకా వచ్చింది. ఆ "ఆమోదిత" అన్న మాట జాగ్రత్తగా చదవాలి. గవర్నర్ల బోర్డు ఒప్పుకున్నాక ఆ దేశం తన చట్టసభ ద్వారానో, తన పద్ధతిలోనో ఒప్పందాన్ని ధ్రువీకరించి పత్రం దాఖలు చేయాలి, మొదటి వాయిదా కట్టాలి. అప్పుడే పూర్తి సభ్యత్వం. ఎన్డీబీలో తలుపు ఇంకా ఇరుకు. కొత్తవాళ్లు రావాలంటే మొత్తం ఓట్లలో మూడింట రెండొంతులతో పాటు ఐదుగురు వ్యవస్థాపకుల్లో నలుగురు సరేననాలి. ఎంతమంది చేరినా ఆ ఐదు దేశాల ఓటు 55 శాతం కంటే తగ్గదు. 2021లో బంగ్లాదేశ్, యూఏఈ చేరాయి, తరవాత ఈజిప్టు, అల్జీరియా. ఏఐఐబీలో చైనా ఓటు పావు వంతు పైనే, రెండో స్థానం మనది. ఎన్డీబీలో మాత్రం వ్యవస్థాపకుల వాటాలు సమానం. ఢిల్లీకి నచ్చేది అదే. మల్కనగిరి వంతెనకు దానితో వచ్చే లాభం వెతికినా దొరకదు.

కాగితాల విషయంలో వరల్డ్ బ్యాంకుకు పోటీ లేదు. ప్రతి ప్రాజెక్టుకూ "పి" తో మొదలయ్యే నంబరు ఉంటుంది. బ్యాంకు వెబ్‌సైట్‌లో అది కొడితే మదింపు పత్రం, అప్పు ఒప్పందం, పని నడుస్తున్నంత కాలం ప్రగతి నివేదికలు, ముగిశాక ముగింపు నివేదిక దిగుతాయి. ప్రగతి నివేదికలో రేటింగ్ "ఓ మోస్తరు సంతృప్తికరం" నుంచి "ఓ మోస్తరు అసంతృప్తికరం" కి దిగిందంటే లోపల ఏదో చెడిందని అర్థం, స్థానిక పేపరు కంటే ముందే తెలుస్తుంది. ఏడీబీ పునరావాస ప్రణాళికలు, పర్యావరణ పర్యవేక్షణ నివేదికలు బాగా పెడుతుంది. ఎన్డీబీ దగ్గర దొరికేది చాలావరకు క్లుప్తమైన సారాంశాలే.

భాష దగ్గర నాలుగింటికీ మార్కులు తక్కువే. పత్రం ఇంగ్లీషులో, సారాంశం ఒడియాలో. గోపాలపూర్, ఛత్రపురం తీరంలో తెలుగు మాట్లాడే గంగపుత్రుల పేటలకు, పర్లాకిమిడి, గుణుపురం పక్క పల్లెలకు తెలుగులో కరపత్రం కూడా అందదు. ఫైలిన్ ఇళ్ల పథకం సముద్రపు పోటు గీతకు 5 కిలోమీటర్ల లోపు కచ్చా ఇళ్లవాళ్ల కోసం. సొంతదారే కట్టుకోవాలి, పని మెట్టు మెట్టుకీ సొమ్ము విడతగా పడుతుంది. ఏ మెట్టు దాకా కడితే ఏ విడత అన్నది అర్థంకాకపోతే పునాది దగ్గరే ఇల్లు ఆగుతుంది. సంప్రదింపుల సభ పెట్టినప్పుడు "తెలుగులో చెప్పండి" అని అడిగి మినిట్స్‌లో రాయించాలి. ప్రజలకు అర్థమయ్యే భాషలో చెప్పాలన్నది ఆ బ్యాంకుల సొంత నియమమే.

ఫిర్యాదుకు వరల్డ్ బ్యాంకులో రెండు తలుపులు. చిన్న సమస్యకు 2015 నుంచి ఉన్న ఫిర్యాదుల సేవ, బ్యాంకు తన నియమాలే తప్పిందనుకుంటే 1993లో పెట్టిన ఇన్‌స్పెక్షన్ ప్యానెల్. ప్యానెల్‌కు కనీసం ఇద్దరు బాధితులు రాయాలి. ఫారం అక్కర్లేదు, తెలుగులో రాసినా తీసుకుంటారు. అనువాదానికి కొంత ఆలస్యం తప్పదు. ప్రాజెక్టు నంబరు, జరిగిన నష్టం, అది పని వల్లే అని చూపే ఆధారం, బ్యాంకు అధికారులకు ముందే చెప్పిన రుజువు ఉండాలి. చివరిది లేకే చాలా అర్జీలు వెనక్కొస్తాయి. కలెక్టరుకు ఇచ్చిన అర్జీ దానికి సరిపోదు, బ్యాంకు ఢిల్లీ ఆఫీసుకు పంపిన ఈమెయిల్ కావాలి. పేర్లు బయటపెట్టొద్దని అడగొచ్చు. టెండరు గొడవలు ప్యానెల్ వినదు, పరిహారం చెక్కూ రాయదు, తేల్చేది బ్యాంకు తప్పును మాత్రమే.

ఏడీబీలో సమస్య తీర్చే దారి, నియమాల పరిశీలన దారి వేరువేరు. మొదట ఏదో ఒకటి ఎంచుకోవాలి. ఇల్లు, దారి, నీటి తూము లాంటి వాటికి మొదటిదే మేలు. ఏఐఐబీకీ 2019 నుంచి సొంత యంత్రాంగం ఉంది. అయితే వరల్డ్ బ్యాంకు నియమాలతో ఉమ్మడిగా నడిచే పనుల్లో అది పక్కకు తప్పుకుంటుంది. అప్పు ఒప్పందంలో ఎవరి పర్యావరణ నియమాలు వర్తిస్తాయో చూసి ఆ బ్యాంకుకే రాయాలి. లేకపోతే ఆరు నెలలు వృథా.