సేనాధిపతుల సమాధుల నుంచి సిపాయిల పేర్ల దాకా

పారిస్‌లో యుద్ధవీరుల జాడ వెతికేవాళ్లు ముందు పోయేది లెజాన్వలీద్‌కే. గాయపడ్డ, వయసుడిగిన సైనికులు తలదాచుకోవడానికి పద్నాలుగో లూయీ 1670లో కట్టమన్న భవనం ఇది. ఇప్పటికీ ఒక భాగంలో మాజీ సైనికులకు ఆస్పత్రి నడుస్తోంది. జనం వచ్చేది మాత్రం బంగారు గుమ్మటం కింద ఉన్న నెపోలియన్ కోసం. 1821లో సెయింట్ హెలీనా దీవిలో పోయిన మనిషిని 1840లో ఇక్కడికి తెచ్చారు. సమాధిలోకి దించేసరికి 1861 వచ్చింది. ఎర్రరాతి పేటిక గుండ్రటి గోతిలో ఉంటుంది, పైన కటకటాల దగ్గర నిలబడి కిందికి చూడాలి. అంటే ఎంతటివాడైనా తల వంచాల్సిందే!

నాకు అంతకన్నా నచ్చింది పక్క మందిరంలోని మార్షల్ ఫోష్ సమాధి. మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో మిత్రసేనలను నడిపించిన ఫోష్‌ను సైనికులు భుజాల మీద మోసుకుపోతున్నట్టు కంచులో పోశారు. ఆయన పేరు అందరికీ తెలుసు, మోసేవాళ్లకు పేర్లు లేవు. ఇక్కడే 1675లో ఫిరంగి గుండుకు పోయిన ట్యురెన్ ఉన్నాడు. కోటల నిర్మాణంలో ఆరితేరిన వోబాన్ గుండెను కూడా ఇక్కడే దాచారు.

ఏర్పాట్లకు వంక పెట్టలేం. సమాధికీ సైనిక మ్యూజియానికీ ఒకటే టికెట్. గుమ్మటం వైపు నుంచి వెళ్లాలంటే మెట్రోలో వరెన్ స్టేషన్ దగ్గర. మ్యూజియం మాత్రం చాలా పెద్దది. కవచాల గదుల్లో ఓపిక ఖర్చుపెట్టుకుంటే ప్రపంచ యుద్ధాల విభాగానికి వచ్చేసరికి కాళ్లు మొరాయిస్తాయి. ముందు అటే వెళ్లండి. నెపోలియన్ గుర్రం విజీర్ చర్మాన్ని లోపల కూరి బతికున్నట్టు నిలబెట్టారు, పిల్లలు దాన్ని వదిలి రారు.

బస గార్ దు నోర్ స్టేషన్ పక్కన తీసుకున్నాం. రాత్రంతా రొద, గది అగ్గిపెట్టె. అయినా పొద్దున్నే ఉత్తర ఫ్రాన్స్‌లోని లీల్ నగరానికి రైలెక్కడానికి అంతకన్నా వీలైన చోటు లేదు. రైల్లో గంట ప్రయాణం. లీల్‌లో రెండు పెద్ద స్టేషన్లూ నడక దూరంలోనే ఉంటాయి కాబట్టి వాటి మధ్య ఎక్కడ దిగినా సుఖమే. ఫ్రాన్స్, బెల్జియం రెండు వైపులా తిరగడానికి పారిస్ కన్నా లీల్‌లో మకాం మేలు.

అసలు చూడాల్సింది లీల్‌కు దగ్గర్లోని నవ్-షాపెల్ అనే ఊరు. 1915 మార్చి 10న ఇక్కడ బ్రిటిష్ సైన్యం చేసిన దాడిలో దాదాపు సగం బలగం భారతీయులదే. ఊరి బయట నాలుగు రోడ్ల కూడలిలో హెర్బర్ట్ బేకర్ గీసిన స్మారకం ఉంది. మన పాత స్తూపాల ప్రాకారాన్ని తలపించే గుండ్రటి గోడ, సగం మేర జాలీ పని, మధ్యలో తామరపువ్వు తలతో ఎత్తైన స్తంభం, దాని రెండు పక్కలా రాతి పులులు. పశ్చిమ రణరంగంలో చనిపోయి, సమాధి కూడా దొరకని 4,700 మందికి పైగా భారత సిపాయిల, కూలీల పేర్లు ఆ గోడ మీదే. వాటిలో గబర్ సింగ్ నేగీ పేరు వెతికి పట్టుకున్నాం. గఢ్వాల్ రైఫిల్స్ సిపాయి. దాడి మొదటి రోజే శత్రువు కందకంలోకి దూరి, మూల మూలా బయొనెట్‌తో ఖాళీ చేయిస్తూ ప్రాణం విడిచాడు. చనిపోయాక బ్రిటన్ అత్యున్నత సాహస పతకం విక్టోరియా క్రాస్ ఇచ్చారు. 1927లో ఈ స్మారకం ప్రారంభానికి వచ్చి మాట్లాడినవాళ్లలో ఫోష్ కూడా ఉన్నాడు. పారిస్‌లో ఆయన సమాధి చూసి ఇటు వస్తే ఆ రెండు చోట్లూ కలిసిపోతాయి.

సౌకర్యాలంటారా, ఏమీ లేవు. టికెట్ లేదు, గైడ్ లేడు. పేర్ల రిజిస్టరూ సందర్శకుల పుస్తకమూ ఉంటాయి, అంతే. కారు లేకపోతే లా బాసే దాకా రైల్లో వచ్చి అక్కణ్ణుంచి టాక్సీ మాట్లాడుకోవాలి. తిరుగు టాక్సీ కూడా అప్పుడే ఖాయం చేసుకోండి, రోడ్డు మీద నిలబడితే దొరికే చోటు కాదు.

బెల్జియంలోని ఈప్ర్ ఇందుకు పూర్తిగా విరుద్ధం, ఊరు ఊరంతా యాత్రికుల కోసమే ఉన్నట్టుంటుంది. లీల్ నుంచి కోర్ట్రైక్‌లో రైలు మారాలి. స్టేషన్ బోర్డు మీద 'ఈపర్' అని ఉంటుంది, చూసుకుని దిగండి. మేం బుక్ చేసుకున్న వ్యాన్ టూర్ నిరాశపరిచింది. టైన్ కాట్ సైనిక శ్మశానంలో దాదాపు పన్నెండు వేల సమాధుల మధ్య నిలబెట్టి, ఫొటోలు తీసుకోండి అని తొందరపెట్టారు. భారత సైనికుల ఊసే లేదు. 1914 అక్టోబర్‌లో ఈ దగ్గర్లోని హోలెబెక్‌లోనే ఖుదాదాద్ ఖాన్ తోటివాళ్లంతా పడిపోయాక కూడా మెషిన్ గన్ వదలకుండా పోరాడి, విక్టోరియా క్రాస్ అందుకున్న తొలి భారత సైనికుడయ్యాడు. టూర్ తీసుకునేముందు ఏయే చోట్లు చూపిస్తారో రాతపూర్వకంగా అడగండి. లేదా సైకిల్ అద్దెకు తీసుకోండి, నేల చదునుగా ఉంటుంది. లాంగెమార్క్‌లోని జర్మన్ శ్మశానానికి కూడా వెళ్లొచ్చు. ఓడినవాళ్ల సమాధులు ఎలా ఉంటాయో అక్కడే తెలుస్తుంది.

రాత్రి బస మాత్రం ఈప్ర్‌లోనే పెట్టుకోవాలి. యుద్ధ స్మారక ద్వారమైన మెనిన్ గేట్ కింద రోజూ సాయంత్రం 8 గంటలకు బ్యూగిల్ మీద సైనికుల వీడ్కోలు రాగం 'లాస్ట్ పోస్ట్' వాయిస్తారు. 1928 నుంచి సాగుతున్న పని, రెండో యుద్ధంలో జర్మన్లు ఊరిని పట్టుకున్నప్పుడు మాత్రం ఇంగ్లండ్‌లో జరిగింది. గోడల మీద సమాధి దొరకని సైనికుల పేర్లు 54,000కు పైగా, వాటిలో మనవాళ్లవీ ఉన్నాయి. ముందు వరుస కావాలంటే బాగా ముందే చేరుకోవాలి. కార్యక్రమం చిన్నదే, చప్పట్లు కొట్టకూడదు. గేట్ పక్క మెట్లెక్కితే కోటగోడ మీద భారత సైన్యానికి విడిగా స్మారకం ఉంది. బ్యూగిల్ విని వెళ్లిపోయే జనంలో చాలామంది అటు తలెత్తి చూడనే చూడరు.

లీల్ నుంచి యూరోస్టార్‌లో లండన్ చేరితే సెయింట్ పాల్స్ చర్చి నేలమాళిగలో నెపోలియన్ సేనలను ఓడించిన నౌకాధిపతి నెల్సన్, సేనాధిపతి వెల్లింగ్టన్ ఉంటారు. నెల్సన్‌ను ఉంచిన నల్లరాతి పేటిక నిజానికి ఎనిమిదో హెన్రీ కాలపు మతాధికారి కార్డినల్ వుల్సీ కోసం చెక్కించింది. ఆదివారం అక్కడ ప్రార్థనలే, సందర్శన ఉండదు.

ఆ ఆదివారం బ్రైటన్‌కు కేటాయించుకోండి. రాజు విలాస భవనం రాయల్ పెవిలియన్‌ను 1914లో భారత సైనికుల ఆస్పత్రిగా మార్చారు. బ్రైటన్‌లో చనిపోయిన 53 మంది హిందూ, సిక్కు సైనికులను దహనం చేసిన గుట్ట మీద 1921లో తెల్ల పాలరాతి స్మారక మంటపం, ఛత్రి, వెలిసింది. దాని దాకా రోడ్డు లేదు. ప్యాచమ్ వైపు నుంచి పొలాల మధ్య కాలిబాటన ఎక్కాలి, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు కష్టమే. వాన పడ్డ మర్నాడైతే ఈ ఒక్కటీ వాయిదా వేసి పెవిలియన్‌తో సరిపెట్టుకోండి. లండన్‌లో ఒక్కరోజే మిగిలి, వాతావరణం బాగుంటే మాత్రం నేను సెయింట్ పాల్స్ వదిలేసి ఛత్రికే వెళ్తాను.