అర్థాలున్న పుస్తకమే కొనండి: ఏళ్లుగా వాడుతున్న స్క్రాబుల్ పదకోశం గురించి

స్క్రాబుల్ ఆడేవాళ్లకు రెండు రకాల పుస్తకాలు దొరుకుతాయి. ఒకటి ఉత్త పదాల పట్టీ. రెండోదాంట్లో పదం పక్కనే పొట్టిగా అర్థం కూడా ఉంటుంది. అమలాపురంలో మా ఇంట్లో ఏళ్లుగా నలుగుతున్నది ఈ రెండోదే. ఉప్పుగాలికి కాగితాలు ఉబ్బాయి, వెన్ను ఊడిపోతే దారంతో కుట్టించాను. ఏది కొనమంటారని ఎవరు అడిగినా ఇదే చెబుతున్నాను. ఎందుకో కాస్త వివరంగా రాస్తాను.

ఆట తెలియనివారికి రెండు ముక్కలు. ఇంగ్లీషు అక్షరాలున్న బిళ్లలను బోర్డు మీద పేర్చి పదాలు కట్టే ఆట ఇది. బోర్డు మీద అడ్డంగా 15, నిలువుగా 15 గళ్లు. 100 బిళ్లలు, వాటిలో రెండు ఖాళీవి. చేతిలో ఎప్పుడూ ఏడు. క్యూ, జడ్ ఒక్కొక్కటి 10 పాయింట్లు. జె, ఎక్స్ ఎనిమిదేసి. ఏడు బిళ్లలూ ఒకేసారి దించితే అదనంగా 50. మన దేశంలో పోటీలు, ఏ పదం చెల్లుతుందో తేల్చే కాలిన్స్ పదపట్టిక ప్రకారం నడుస్తాయి. 2019 నాటి పట్టికలో 2,79,000 పైచిలుకు పదాలున్నాయి. ఇంగ్లీషు ఎమ్మే చదివినవాళ్లకు కూడా అందులో ఎక్కువ భాగం కొత్తే.

ముందు పట్టు చిక్కాల్సింది రెండక్షరాల పదాల మీద. అర్థం విలువ అక్కడే తెలుస్తుంది. క్యూ-ఐ అంటే చైనావాళ్లు చెప్పే ప్రాణశక్తి. 11 పాయింట్లు, పైగా యు కోసం ఎదురుచూడక్కర్లేదు. ఎక్స్-యు ఒకప్పటి వియత్నాం చిల్లర నాణెం. ఎ-ఎ హవాయిలో గరుకుగా గడ్డకట్టిన లావా. ఓ-ఇ ఫారో దీవుల దగ్గర లేచే సుడిగాలి. 1996 తుఫాను చూసిన కోనసీమవాళ్లకు ఆ చివరిది ఒకసారి చెబితే చాలు. ఎ-ఐ అనగానే ఇప్పుడు అందరికీ కృత్రిమ మేధ గుర్తొస్తుంది గానీ, ఈ ఆటలో పొడి అక్షరాలు చెల్లవు. ఆ పదం చెల్లుతున్నది చెట్లకు వేలాడే మూడు గోళ్ల స్లాత్ అనే జంతువు పేరు కాబట్టి. జంతువు గనుక ఎస్ చేర్చి బహువచనం చేయొచ్చు. కె-వై సంగతి వేరు. స్కాట్లండ్ మాటలో అది ఆవులు, అప్పటికే బహువచనం, దానికి ఎస్ తగిలిస్తే చెల్లదు. ఉత్త పట్టీ చూసి చదివేవాళ్లు ఈ రెంటినీ విడివిడిగా బట్టీ కొట్టాలి. అర్థం తెలిసినవాళ్లకు ఆ బాధ లేదు.

నాకు ఈ పుస్తకం మీద ఇంత ప్రేమ పుట్టించింది మాత్రం వేరే. ఇందులో మన ఊళ్ల మాటలు బోలెడున్నాయి! అంబాజీపేట మార్కెట్లో పొద్దుట లేస్తే వినిపించే కోప్రా, కాయిర్ రెండూ ఉన్నాయి. రెండూ మలయాళం దారిలో ఇంగ్లీషుకు చేరినవి. అనికట్ ఉంది: ఎ-ఎన్-ఐ-సి-యు-టి. కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర కట్టించినదాన్ని అప్పటి ఇంజనీర్లు పిలిచిన పేరు అదే. తమిళం నుంచి వెళ్లిన మాట, మన ఆనకట్టకు చుట్టం. చివర ఎస్ చేరిస్తే సరిగ్గా ఏడు బిళ్లలు, అంటే 50 అదనం. మా పక్క పిల్లలకు నేను మొదట నేర్పే ఏడక్షరాల పదం ఇదే. ఒక్కరూ మర్చిపోలేదు. ఇడ్లీ, దోశ ఉన్నాయి. పప్పు పేరు దాల్‌ను నాలుగు రకాల స్పెల్లింగులతో రాసినా చెల్లుతుంది. యు ముందుకొచ్చి క్యూ వెనకపడే తాలూక్దార్ ఉంది, ఇంక్విలాబ్ ఉంది.

వీటన్నిటికంటే గొప్పది బ్యాండికూట్. అది అచ్చంగా మన పందికొక్కే, తెలుగు నుంచే ఇంగ్లీషులోకి వెళ్లింది. వరిచేల గట్లు తొలిచే ప్రాణి పేరు ప్రపంచ పోటీల్లో చెల్లుతోందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. తొమ్మిది అక్షరాలు కాబట్టి చేతిలోంచి ఒక్కసారిగా దించలేం. బోర్డు మీద కూట్ అనే పదం ఉంటే కనిపెట్టుకుని ఉండండి, దానికి ముందు ఐదు బిళ్లలు చేర్చొచ్చు. ఇంత దగ్గరి మాట అయినా, అది తెలుగు నుంచి వచ్చిందని నా పుస్తకం చెప్పదు. ఏ పదం ఏ భాషదో ఒక్క అక్షరం గుర్తు వేసినా చాలుండేది. ఇది చిన్న లోపం అనుకోను.

రెండో లోపం ఉచ్చారణ లేకపోవడం. సి-డబ్ల్యూ-ఎం అనే వెల్ష్ మాటను తీసుకోండి. కొండల మధ్య హిమానీనదం తొలిచిన గిన్నెలాంటి లోయ అది. ఎవరెస్ట్ ఎక్కేదారిలో ఉండే లోయకు 1921లో పర్వతారోహకుడు మలొరీ పెట్టిన పేరులో ఈ పదమే ఉంది. దాన్ని కూమ్ అని పలకాలని తెలిస్తే మనసులో నాటుకుంటుంది. మూడు హల్లులుగా చూస్తే నాలిక తిరగదు. అచ్చులే రాని చేతిని కాపాడే ఇలాంటి పదాలకు పలికే తీరు చెప్పకపోవడం అన్యాయం.

అర్థాలెందుకు, అక్షరాలు గుర్తుంటే చాలదా అని వాదించేవాళ్లు నైజెల్ రిచర్డ్స్ పేరు చెబుతారు. న్యూజిలాండ్ ఆటగాడు. ఫ్రెంచ్ మాట్లాడటం రాకుండానే 2015లో ఫ్రెంచ్ స్క్రాబుల్ ప్రపంచ టైటిల్ గెలిచాడు. ఆయన జ్ఞాపకశక్తికి దండం పెడతాను. కానీ సాయంత్రం పని ముగించుకుని ఒక గంట కూర్చునే మనలాంటివాళ్లకు ఆ దారి కుదరదు. పట్టీ చదివి నేర్చుకున్న పదాలు సంక్రాంతి సెలవులకు ఉండి, వేసవికి పోవడం మా ఇంట్లోనే చూశాను. కథ తెలిసిన పదం పోలేదు.

ఫోన్ యాప్‌లు కూడా వాడాను. పదం చెల్లుతుందో లేదో తేల్చడానికి అవే నయం, క్షణంలో చెబుతాయి. చదువుకోవడానికి మాత్రం పుస్తకమే. ఒక పదం కోసం వెళ్లి పక్కనున్న పది చూసి వస్తాం.

కొనేటప్పుడు అట్ట మీద సంవత్సరం చూడండి. 2019 పట్టికతో రెండక్షరాల పదాలు 124 నుంచి 127 అయ్యాయి. అంతకు ముందుదే చవగ్గా దొరికితే వదలకండి, కొత్తగా చేరిన మూడు, అంటే ఇ-డబ్ల్యూ, ఓ-కె, జడ్-ఇ, అట్ట లోపల పెన్నుతో రాసుకుంటే సరిపోతుంది.