అంతర్వేది నుంచి కాకినాడకు బోటులో: సముద్రం మంచిదే, ఆ లాంచీ వాళ్లే...

మా బావమరిది అంతర్వేది పల్లిపాలెంలో ఓ పాత డెక్కు బోటు కొన్నాడు. దాన్ని కాకినాడ చేర్చాలి. గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే మొగలోంచి బయటికి దిగి, ఒడ్డు కనిపించేంత దూరంలోనే ఓడలరేవు దాటి, భైరవపాలెం దగ్గర ఇంకో పాయ గౌతమిలోకి ఎక్కి రాత్రికి యానాంలో ఆగి, మర్నాడు హోప్ ఐలాండ్ చుట్టి కాకినాడ. "బావా, నువ్వూ రా" అన్నాడు. ఇంజనీరింగ్ అయిపోయి ఖాళీగా ఉన్న మా మేనల్లుడు నాకంటే ముందే బ్యాగు సర్దేశాడు. సముద్రం గురించి ఇంట్లో అందరూ భయపెట్టారు గానీ అది మాతో మర్యాదగానే ఉంది. మర్యాద తప్పింది ఒక లాంచీ వాళ్లు. ఈ రాతలో సగం వాళ్ల మీద కోపమే.

ముందురోజు సాయంత్రం నరసాపురం చేరాం. భీష్మ ఏకాదశి తీర్థం రోజులు కావడంతో సఖినేటిపల్లి పంటు (బండ్లనీ మనుషుల్నీ ఏరు దాటించే బల్లకట్టు) కోసం బండ్లు రోడ్డు మీద దాకా బారులు తీరాయి. రేవులో ఒకాయన "అంతర్వేది డైరెక్టండి, కూర్చోబెట్టి తీసుకెళ్తాం, లైఫ్ జాకెట్టు కూడా ఉంటుందండి, మనిషికి 150" అన్నాడు. ముగ్గురికి 450 ఇచ్చి ఎక్కాం. జాకెట్లు ఉన్న మాట నిజమే. ఇంజను గది వెనక నైలాన్ తాడుతో మూట కట్టి ఉన్నాయి. ఆ మూట మీద కొబ్బరిబొండాల గెల. విప్పమని అడిగితే "మొన్నే ఉతికించామండి, జనం చెమట పట్టించేస్తారు" అన్నాడు కుర్రాడు. బావమరిది గొంతు పెంచాడు. పక్కనున్న పెద్దాయన "ఎందుకు బాబూ గొడవ, స్వామివారున్నారు" అని మమ్మల్నే సముదాయించాడు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటక బోటు మునిగినప్పుడు, దాన్ని నెల దాటాక, అక్టోబరు 22న గోదావరి అడుగునుంచి తీసింది కాకినాడ నుంచి వెళ్లిన ధర్మాడి సత్యం బృందం. మా బావమరిది కాకినాడవాడు, ఆ రోజులు బాగా గుర్తున్నవాడు. అందుకే అంత మండింది.

అంతర్వేదిలో లాడ్జి సంగతి రెండు ముక్కల్లో చెప్పి వదిలేస్తాను. ఫోన్లో 1,800 అన్నారు, 500 అడ్వాన్సు పంపాను. వెళ్లేసరికి "కల్యాణం రేటండి, 3,500" అన్నారు. అడ్వాన్సు వెనక్కి అడిగితే మేనేజరు భోజనానికి వెళ్లాడట, ఎప్పుడొస్తాడో తెలియదట. బోటు డెక్కు మీద టార్పాలిన్ కప్పుకుని పడుకున్నాం. దోమలు లేవు, అది ఒక్కటే ఓదార్పు. తీర్థం రోజుల్లో వెళ్లేవాళ్లు రాజోలులోనో దిండిలోనో బస చూసుకుని, పొద్దున్నే ఆటోలో వచ్చి దర్శనం చేసుకుని వెళ్లిపోవడం మేలు.

ఇప్పుడు సరంగు బాబాయి, అంటే మా బోటు నడిపే ఆయన. అరవై దాటి ఉంటాయి, మాట తక్కువ. బోటు ఎక్కగానే ఇంజను చూస్తాడనుకున్నాం. ఆయన ముందు దీపాలు వేయించి, దిగి గట్టు మీదకు వెళ్లి అటూ ఇటూ నడిచి చూశాడు. ఎడమ పక్క ఎర్రది, కుడి పక్క పచ్చది, పైన తెల్లది, వెనక ఇంకో తెల్లది. పచ్చదీపం అద్దానికి పాత రంగు మరకలున్నాయి. కిరోసిన్ గుడ్డతో, బోటు పనులు చేసే కళాసీ చేత అరగంట తుడిపించాడు. "మనకి దారి కనపడ్డానికి కాదు మాస్టారూ ఇవి. మనం ఎటు పోతున్నామో ఎదుటోడికి తెలియాలి. వాడెవడో మనకి తెలీదు, మనమెవరో వాడికి తెలీదు. ఆయ్, ఇంక మాటాడుకునేది దీపాలే." తర్వాత జాకెట్లు అడిగాడు. లేవు. తెల్లారేలోగా అయిదు తెప్పిస్తే గానీ కదలనన్నాడు. బావమరిది గొణుక్కుంటూ ఒక తెలిసిన బోటు యజమాని దగ్గర ఒక్కోటి 1,150కి తెచ్చాడు. గాలి హారను మరో 900.

నవమి తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాం. చంద్రుడు అప్పటికే కుంకేశాడు. మొగ దాకా కూడా రాకముందే మంచు దిగింది. కోనసీమ మంచు తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు, బోటు ముందు కొన మాకే కనిపించలేదు. బాబాయి ఇంజను తగ్గించి, లోతు తగ్గే దాకా గట్టు వైపు జరిగి, బోట్లు తిరిగే కాలువ వదిలేసి లంగరు వేయించాడు. పైన తెల్లదీపం ఒక్కటే ఉంచాడు. గంట లేదు కాబట్టి కళాసీ చేతికి స్టీలు కంచం, గరిటె ఇచ్చాడు. నిమిషానికోసారి, అయిదు లెక్కపెట్టేంతసేపు గబగబా వాయించాలి. మా వాడు "మామయ్యా, ఇది వీడియో తీస్తే వైరల్ అవుతుంది" అని నవ్వాడు. ఆ నవ్వు పావుగంట కూడా నిలవలేదు.

ముందు పాట వినిపించింది. డీజే పాట. తర్వాత మంచులో వెలుగు. నిన్న మేం ఎక్కిన లాంచీయే, జనాన్ని అన్నాచెల్లెళ్ల గట్టుకు (ఏరు సముద్రంలో కలిసే చోటు) తీసుకొస్తోంది. చుట్టూ సీరియల్ బల్బులు. ఎరుపు, పచ్చ, నీలం, ఆరుతూ వెలుగుతూ. బాబాయి మొహం మాడిపోయింది. "ఎర్రది కనపడితే వాడి ఎడం పక్క మనవైపుందని. పచ్చది కనపడితే కుడి పక్క. రెండూ కలిసి కనపడితే మన మీదికే వస్తున్నాడని. ఈ పెళ్లిపందిరికి ముందేదో వెనకేదో ఎలా తెలుస్తాదండీ?" కంచం మోత వాళ్ల స్పీకర్లకు ఏం వినపడుతుంది! హారను తీసుకుని పొట్టిగా అయిదుసార్లు కొట్టాడు. ఒక్కసారి కొడితే నేను కుడికి తిరుగుతున్నానని, రెండుసార్లు ఎడమకని, మూడు వెనక్కి పోతున్నానని, అయిదంటే 'నీ సంగతేంటో నాకర్థం కావట్లేదు' అని. లాంచీ నుంచి జవాబు లేదు. అప్పుడు టార్చి తీసి వాళ్ల కళ్లలోకి కాకుండా మా క్యాబిను తెల్లగోడ మీదకు కొట్టాడు. బోటంతా వెలిగింది. కళ్లలోకి కొడితే నడిపేవాడికి ఇంకేమీ కనపడదట. ఆఖరి క్షణంలో లాంచీ పక్కకు తిరిగింది. గెడ చాస్తే తగిలేది. పైనుంచి ఎవరో "గోవిందా" అన్నారు, అది భక్తో భయమో తెలియలేదు. ఆ అలకు మా అన్నం గిన్నె బోర్లాపడింది. మేనల్లుడు జాకెట్టు బెల్టు రెండోసారి బిగించుకుని, కాకినాడ దాకా విప్పలేదు.

వేరే దీపాలు పెట్టి, బోటు ఎటు పోతోందో చెప్పే ఈ దీపాల్ని మరుగు చేయకూడదన్నది సముద్రం మీద అన్ని దేశాలూ ఒప్పుకున్న నియమం. పిల్లల పుట్టినరోజుకి కట్టే బల్బులు బోటుకు కట్టి, అదే అలంకారమని టిక్కెట్టు అమ్మడం ఏమిటో!

ఎనిమిదింటికి మంచు విడిచాక మొగ దాటాం. నవమి కాబట్టి పోటు పెద్దగా లేదు, ఇసుక మేటల మీద అలలు విరగడం కూడా తక్కువే. అక్కడినుంచి ఓడలరేవు దాకా చెప్పుకోవడానికేమీ లేదు, సముద్రం, ఎండ, ఇడ్లీ.

వైనతేయ పాయ మొగ దాటాక బోట్లు ఎక్కువయ్యాయి. కుడి పక్కనుంచి ఒక ట్రాలరు అడ్డంగా వస్తోంది. బాబాయి నన్ను పిలిచి, రైలింగు గుంజకు ఎర్రగుడ్డ కట్టి, "ఇక్కడే నిలబడి ఆ బోటు ఈ గుడ్డకి ఏ పక్కకి జరుగుతుందో చెప్పండి" అన్నాడు. ముందుకు జరిగితే అది మా ముందునుంచి పోతుంది, వెనక్కి జరిగితే మా వెనకనుంచి. అయిదు నిమిషాలు చూశాను. బోటు పెద్దదవుతోంది గానీ గుడ్డ దగ్గరే ఉంది. చెప్పగానే బాబాయి చుక్కాని కుడికి బాగా తిప్పేశాడు. కొంచెం కొంచెంగా తిప్పితే మనం తిరిగినట్టు ఎదుటివాడికి తెలియదట. కుడి పక్కనుంచి వచ్చేవాడికి మనమే దారివ్వాలి, పైగా అతను వల లాగుతున్నాడు. దాని వెనక్కి వెళ్లేటప్పుడు కూడా దగ్గరగా కోయలేదు, చాలా దూరం పోయి తిరిగాడు. వెనక నీళ్లలో వల ఉంటుంది మరి. రాత్రయితే ట్రాలరుకు తెలుపు మీద పచ్చదీపం, వేరే వలలు వేసినవాడికి తెలుపు మీద ఎర్రదీపం. నీళ్లలో వలలకు కట్టే థర్మకోల్ బెండ్లు కనపడితే మాత్రం ఆ వల తాలూకు బోటు కోసం చూసి, చెయ్యి ఊపి, వాళ్లు ఎటు చూపిస్తే అటే పోయాడు. సూరసానియానాం ఎదుట రవ్వ చమురు క్షేత్రం ప్లాట్‌ఫారాలు దూరంగా కనిపించాయి. మావాడు దగ్గరికి పోనిమ్మన్నాడు. 500 మీటర్ల లోపలికి ఏ బోటూ పోకూడదని బాబాయి వినిపించుకోలేదు.

మసక పడే వేళకు గౌతమి మొగ దగ్గరపడింది. అప్పుడు వెనకనుంచి ఒక ఫైబరు బోటు, దీపం లేదు, నేరుగా మా మీదకు. నంబరు ఉండాల్సిన చోట కొత్తగా నీలం రంగు. మామూలుగా 'ఐఎన్‌డీ ఏపీ' అని మొదలవ్వాలి. బావమరిదికి టెన్షన్ పట్టుకుంది. బాబాయి మాత్రం ఇంజను ఆపలేదు, వేగం పెంచనూ లేదు. దూరంగా వలలు వేసుకుంటున్న నాలుగైదు బోట్ల వైపు ముక్కు తిప్పాడు. మమ్మల్నందరినీ డెక్కు మీద కనపడేలా నిలబడమన్నాడు. ఫోనులో 1554 నొక్కి సిద్ధంగా పెట్టుకోమన్నాడు. అది కోస్టుగార్డుది, మెరైన్ పోలీసుకైతే 1093. వైర్‌లెస్ ఉన్న బోటయితే చానెల్ 16. తర్వాత గట్టిగా కేక: "ఏ ఊరు బాబూ? ఎవరి బోటు?"

బలుసుతిప్ప కుర్రాళ్లు. డీజిలు అయిపోవస్తోంది, దీపం బ్యాటరీ పోయింది, రంగు వేసి ఇంకా నంబరు రాయించలేదు. బాబాయి ఇంకో రెండు ప్రశ్నలు వేశాడు, వాళ్ల ఊరి పెద్దెవరు, ఐసు ఎక్కడ పోస్తారు అని. జవాబులు నచ్చాయి. అయినా పక్కకు రానివ్వలేదు. ఆ ఊపులో రెండు బోట్లు రాసుకుంటే మధ్యలో పెట్టిన చెయ్యి ఉండదట. అయిదు లీటర్ల డబ్బాకు థర్మకోల్ ముక్క కట్టి, పొడుగు తాడుతో వెనక్కి వదిలాడు. వాళ్లు అందుకుని, అదే తాడుకు ఖాళీ డబ్బా, ఒక సంచీ కట్టి పంపారు. సంచీలో రెండు చందువలు, గుప్పెడు రొయ్యలు!

ఈ ప్రయాణంలో డబ్బు పెట్టి తిన్నవేవీ ఆ పూట తిండికి సాటి రావు. నదిలోకి వచ్చి నీళ్లు నిలకడగా ఉన్నాక కళాసీ స్టవ్ వెలిగించాడు. ఉల్లిపాయ కూడా సరిగ్గా లేదు, ఒకటే ఉంటే సన్నగా తరిగాడు. చింతపండు పులుసు మరిగాక చందువ ముక్కలు వేసి, గరిటె పెట్టకుండా గిన్నెనే పట్టుకుని తిప్పాడు. రొయ్యల్ని ఉప్పూ కారంతో నూనెలో అలా చూపించి తీశాడు. పొద్దుట్నుంచి మూతి ముడుచుకుని కూర్చున్న మా మేనల్లుడు మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. పొద్దున్న కళాసీ వాయించిన కంచమని కూడా మరిచిపోయి అందులోనే తిన్నాడు.

యానాంలో గది 1,100, శుభ్రంగా ఉంది, వేడినీళ్లు వచ్చాయి. రెండు గదులు తీసుకున్నాం. డీజిలు అక్కడ లీటరుకు పది రూపాయల పైనే తక్కువ, అందుకే అంతర్వేదిలో 110 లీటర్లే పోయించాడు బాబాయి. మిగతా 70 యానాంలో.

మర్నాడు కోరంగి పాయల్లోంచి మడ అడవులు చూసుకుంటూ పోదామని నాకు ఆశ. మేటలు వేసిన పాయల్లో ఈ బోటు పట్టదని బాబాయి సముద్రం దారే పట్టాడు. హోప్ ఐలాండ్ కొన తిరిగాక కాకినాడ రేవు. దూరంగా లంగరేసిన ఓడలు, వాటికి సరుకు మోసే బార్జీలు. ఒక టగ్గు పోతోంది, దాని వెనక చాలా దూరంలో బార్జీ. మధ్యలో బోలెడంత ఖాళీ. బావమరిది "అందులోంచి పోతే అరగంట కలిసొస్తుంది" అన్నాడు. బాబాయి వేలు పెట్టి చూపిస్తే అప్పుడు కనపడింది. టగ్గు ఆ బార్జీని లాగే ఇనప తాడు నీళ్లలోంచి లేచి, నీరు కారుతూ బిగుసుకుని, మళ్లీ మునిగిపోయింది. ఎక్కువసేపు నీళ్లలోనే ఉంటుంది. రాత్రయితే టగ్గు మీద తెల్లదీపాలు నిలువుగా రెండో మూడో ఉంటాయి, వెనక పసుపుది. అలా కనపడితే వెనక ఇంకోటి వస్తోందని, మధ్యలోకి పోరాదని. బార్జీ దాటేదాకా ఆగి, దాని వెనకనుంచి పోయాం.

మొత్తం డీజిలు 16,745. సరంగుకు 5,000, కళాసీకి 2,500. జాకెట్లు 5,750, హారను 900. యానాం గదులు 2,200. లాడ్జి మింగిన అడ్వాన్సు 500, లాంచీ 450. తిండి కాకుండా 34,045. ఇందులో నాకు ఏడుపొచ్చేవి చివరి రెండే. తీర్థానికి వెళ్లేవాళ్లు క్యూలో గంట నిలబడ్డా సరే నరసాపురం నుంచి పంటులోనే వెళ్లండి, సఖినేటిపల్లి నుంచి ఆటోలు బోలెడు. లాంచీయే ఎక్కాల్సి వస్తే జాకెట్టు ఒంటి మీదకు వచ్చాకే టిక్కెట్టు డబ్బులివ్వండి. మీ సొంత బోటు చేర్చాల్సిన పని పడితే, పల్లిపాలెం రేవులో అడిగి వయసు మళ్లిన సరంగును చూసుకోండి. మా బాబాయి అయితే దీపాలు, హారను, మనిషికో జాకెట్టు లేని బోటు ఎక్కడు. అడ్వాన్సు ఇచ్చినా తిరిగిచ్చేస్తాడు, లాడ్జి వాళ్లలా కాదు.