గోల్కొండ గైడు: తానీషా ఏమయ్యాడో చెప్పిన మనిషి

మాది భద్రాచలం. రామదాసు చెర, తానీషా కలలోకి రాముడు రావడం చిన్నప్పటి నుంచీ విన్న కథలే. శ్రీరామనవమికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆనవాయితీ కూడా తానీషాదే అంటారు. ఆ తర్వాత ఆయనేమయ్యాడో మాత్రం మా ఊళ్లో ఎవరూ చెప్పరు.

గతంలో గోల్కొండకు వెళ్తే ఒక గైడు చప్పట్లు కొట్టి వినిపించి, అరగంటలో కిందికి దింపేశాడు. ఈసారి మా అమ్మను తీసుకెళ్లాను. గేటు దగ్గర తెలుగు మాట్లాడే గైడు దొరికాడు. రెండు గంటలకు వెయ్యి రూపాయలన్నాడు, చివరిదాకా అదే మాట మీదున్నాడు. అమ్మకు మోకాళ్ల నొప్పులని చూసి నీడ ఉన్నచోటల్లా ఆపాడు.

రామదాసు బందిఖానా దగ్గర అమ్మ కళ్లు తుడుచుకుని, "మరి తానీషా ఏమయ్యాడు బాబూ?" అంది.

"కూర్చోండమ్మా, 1687 సంగతి చెప్తాను" అన్నాడు. అరగంట ఆ ఒక్క ఏడాదే చెప్పాడు. ఔరంగజేబు ఎనిమిది నెలలు ముట్టడించినా కోట లొంగలేదట. మొదట్లోనే ఫిరంగి దెబ్బకు ఔరంగజేబు సేనాని, మొదటి నిజాం తాత ఖిలిచ్ ఖాన్ చెయ్యి ఎగిరిపోయి చనిపోయాడు. వానాకాలంలో మొఘలుల గుడారాల్లో తిండికి కరువొచ్చింది. గోడ కింద వాళ్లు పెట్టిన మందుపాతరలు వాళ్ల మీదే పేలాయి. చివరికి సెప్టెంబరు 21 రాత్రి లోపలివాడే, అబ్దుల్లా ఖాన్ పణీ, దిడ్డి తలుపు తెరిచాడు. తానీషా సేనాని అబ్దుల్ రజాక్ లారీ ఒళ్లంతా గాయాలతో పడిపోయేదాకా పోరాడాడు. ఇది చెప్తుంటే గైడు గొంతు పూడుకుపోయింది. తెచ్చిపెట్టుకున్నది కాదు, నాకు తెలుస్తుంది.

తిరిగొస్తూ కోట తలుపు మీది ఇనుప మొన ఒకటి అమ్మ చేత పట్టించాడు. ఏనుగులు తలతో కుమ్మకుండా పెట్టినవట. "ఇంత గట్టి తలుపుండీ లోపలివాడి చేతుల్లో పోయిందా!" అని అమ్మ చాలాసేపు దాన్ని వదల్లేదు.

నా వంతు ఐదుకు ఐదు. పొద్దున్నే వెళ్లండి, మంచినీళ్లు పట్టుకెళ్లండి, తెలుగు గైడు కావాలని ముందే అడగండి. ఫొటోలకే అయితే ఇంతసేపు అక్కర్లేదు.

తానీషాను దౌలతాబాదు కోటలో బంధించారట, 1699లో అక్కడే పోయాడు. సమాధి ఖుల్దాబాదులో ఉంది. ఔరంగజేబుదీ ఆ ఊళ్లోనే. ఎల్లోరా పక్కనే అని గైడు చెప్పినప్పటి నుంచీ, రైలు ఎక్కడ ఎక్కాలని అమ్మ అడుగుతోంది. టికెట్లు చూస్తున్నాను.