క్రేఫర్డా, రాక్ అండ్ పినియనా, మోటారా? మన ఆకాశానికి ఏ ఫోకసర్ మేలు

విజయవాడ, గుంటూరు వైపు టెలిస్కోప్‌కి కెమెరా తగిలించి ఫొటోలు మొదలుపెట్టినవాళ్లందరికీ కొన్నాళ్లకి వచ్చే సందేహమే ఇది. టెలిస్కోప్‌తో వచ్చిన ఫోకసర్, అంటే బొమ్మ స్పష్టంగా వచ్చేలా కెమెరాని ముందుకీ వెనక్కీ జరిపే భాగం, సరిపోతుందా, మార్చాలా? ధర చూసే ముందు మీ టెలిస్కోప్ ఏ రకమో, కెమెరా ఎంత బరువో చూసుకోండి.

క్రేఫర్డ్ రకం ఫోకసర్‌లో పళ్ల చక్రాలు ఉండవు. ఇంగ్లండ్‌లో క్రేఫర్డ్ ఖగోళ సంఘానికి చెందిన జాన్ వాల్ రూపొందించిన పద్ధతి ఇది. ఒక కడ్డీ డ్రాట్యూబ్‌ని (కెమెరా తగిలించే, జరిగే గొట్టాన్ని) ఒత్తిపట్టి, రాపిడితోనే ముందుకీ వెనక్కీ జరుపుతుంది. కంటితో చూడటానికి, గ్రహాలు తీసే చిన్న ప్లానెటరీ కెమెరాకి చాలా హాయిగా ఉంటుంది.

చిక్కంతా బరువుతోనే, అదీ మన దగ్గర ఇంకాస్త ఎక్కువ. మనం ఉన్నది 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో. కృత్తికలు దాదాపు నడినెత్తికి వస్తాయి. ఓరియన్ నెబ్యులా 68 డిగ్రీల ఎత్తుకి చేరుతుంది. చలికాలంలో అందరూ తీసేవి ఇవే. అప్పుడు రిఫ్రాక్టర్ (కటకాల టెలిస్కోప్) నిటారుగా నిలబడుతుంది, సెన్సర్‌ని చల్లబరిచే కూలింగ్ కెమెరా, ఫిల్టర్లు మార్చే ఫిల్టర్ వీల్ బరువంతా ఫోకసర్‌ని తిన్నగా కిందికి లాగుతుంది. ఆ కడ్డీకి తడో గ్రీజో అంటితే పట్టు ఇంకా సడలుతుంది. స్క్రూ గట్టిగా బిగిస్తే జారడం తగ్గుతుంది గానీ నాబ్ బిగుసుకుపోతుంది.

రాక్ అండ్ పినియన్‌లో పళ్లు పళ్లను పట్టుకుంటాయి కాబట్టి జారదు. చవకరకంలో పళ్ల మధ్య సందు ఉండి, నాబ్ తిప్పే దిశ మార్చినప్పుడల్లా బొమ్మ పక్కకి కదులుతుంది. ఏటవాలు పళ్లతో, మెల్లగా జరిపే 10:1 ఫైన్ నాబ్‌తో వచ్చే మంచిరకంలో ఆ బాధ బాగా తక్కువ. రిఫ్రాక్టర్‌తో బరువైన కెమెరా వాడేవాళ్లకి నా ఓటు దీనికే.

న్యూటోనియన్‌లో (అద్దాల టెలిస్కోప్‌లో) ఫోకసర్ గొట్టం పక్కన ఉంటుంది కాబట్టి అక్కడ జారడం కన్నా వంగడం పెద్ద సమస్య. ఫొటోలో ఒక మూల నక్షత్రాలు గుండ్రంగా, ఎదురు మూల సాగినట్టు ఉంటే ముందు అనుమానించాల్సిందీ దీన్నే. అయితే గొట్టం రేకు పలచగా ఉంటే ఎంత ఖరీదైన ఫోకసర్ బిగించినా రేకే వంగుతుంది, లోపల ఒక పట్టీ వేయించాలి. కొత్తదాని ఎత్తు కూడా కొలిచి కొనండి. ఎక్కువైతే కెమెరా ఫోకస్‌కే రాదు.

ఇక నాబ్‌ని తనే తిప్పే మోటార్. ఎఫ్/5 టెలిస్కోప్‌లో (ఫోకల్ లెంగ్త్ వ్యాసానికి ఐదింతలున్నదానిలో) ఫోకస్ సరిగ్గా నిలిచే మేర దాదాపు 67 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మీటరు పొడవు అల్యూమినియం గొట్టం ఒక్కో డిగ్రీ చల్లబడితే 23 మైక్రాన్లు కుంచించుకుపోతుంది. సాయంత్రం నుంచి తెల్లవారేలోపు 8 డిగ్రీలు దిగితే ఆ కుంచింపు 180 మైక్రాన్లు దాటుతుంది! రాత్రంతా నాబ్ దగ్గర కూర్చోలేం కదా. మోటార్ ఉంటే సాఫ్ట్‌వేర్ తనే మధ్యమధ్య ఆపి ఫోకస్ సరిచేసుకుంటుంది.

కానీ జారే ఫోకసర్‌కి మోటార్ పెట్టి లాభం లేదు. కడ్డీ తిరుగుతుంది, డ్రాట్యూబ్ కదలదు. అందుకే ముందు గొట్టాన్ని నిటారుగా పెట్టి, కెమెరా తగిలించి, డ్రాట్యూబ్ మీది స్కేలు చూసుకుంటూ నాబ్ తిప్పండి. స్కేలు నాబ్‌తో పాటే కదిలితే ఉన్నదానికే మోటార్ చాలు. కదలకపోతే ఫోకసర్ ముందు, మోటార్ తర్వాత.

రెండింటికీ ఇప్పుడే డబ్బు లేనివాళ్లు బాహ్తినోవ్ మాస్క్‌తో (ఫోకస్ సరిచూసుకోడానికి టెలిస్కోప్ ముందు పెట్టే, చీలికలున్న మూతతో) మొదలుపెట్టవచ్చు. నేమ్‌ప్లేట్లు చేసే లేజర్ కటింగ్ షాపులో ఎక్రిలిక్ షీటు మీద కోయించుకుని, గంటకోసారి ఒక ప్రకాశవంతమైన నక్షత్రం మీద ఫోకస్ సరిచూసుకోండి.